శాంతయ్య చేతి ముద్ద

శాంతయ్య మూడోసారి చేతులు కడుక్కుంటున్నాడు. మొదట బూడిద, తర్వాత చింతపండు, ఆపైన కుంకుడు నురగ. గోళ్ల సందుల్లో వేపపుల్ల పెట్టి గీకాడు. పొద్దున ఆ చేత్తోనే ముష్టిగింజల విషప్పొడి కలిపిన బెల్లం ముద్దలు కోయిలకుంట్ల వీధుల్లో వేసి వచ్చాడు. పిచ్చికుక్కల భయంతో పంచాయతీ బోర్డువాళ్లు ఇచ్చిన పని అది. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాడు.

సన్నటి మనిషి, వంగిన భుజాలు, గట్టిగా మాట్లాడటం కూడా రాదు. అయినా అతను వీధిలో అడుగుపెడితే ఒక్క కుక్కా మొరగదు. అన్నీ గోడలకు అతుక్కుపోయి, అతను మలుపు తిరిగేదాకా ఊరికే చూస్తుంటాయి. మనుషులూ అంతే, అతని చేతి నీళ్లు ఎవరూ తాగరు.

అతనికి భయపడనిది ఇంట్లో ఉన్న కుక్కపిల్ల ఒక్కటే. నెల కిందట, అతని ముద్ద తిని చచ్చిన తల్లి పొట్టకు మూతి ఆనించి పాలు వెతుక్కుంటూ కనిపించింది. తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాడు.

అప్పటినుంచీ అతనికి ఒకటే దిగులు. తన తర్వాత బోర్డువాళ్లు ఇంకొకణ్ని పెడతారు. ఆ ఇంకొకడి ముద్ద దీని నోట పడకూడదు. అందుకని తిండి నేర్పడం మొదలుపెట్టాడు. బెల్లం వాసన అసలు పనికిరాదు. కోడి ఎముక గొంతులో గుచ్చుకుంటుంది. ఉల్లిగడ్డ, కారం కూడదు. చల్లారిన జొన్న సంగటి, పలచని మజ్జిగ, మాట విన్నప్పుడు ఉప్పు లేకుండా ఉడికించిన మేక కార్జం గోరంత ముక్క. ఏదైనా ముందు తను కొరికి, కాసేపు ఆగి, మిగిలింది అరచేతిలో పెట్టి "తిను" అంటాడు. అప్పుడే తినాలి.

ఇప్పుడు నేలమీద ఉత్త బెల్లం ఉండ ఒకటి వేశాడు. పిల్ల ముక్కు చాచింది, శాంతయ్య మొహంలోకి చూసింది, వెనక్కి జరిగింది.

"అదీ! శానా బుద్ధిమంతురాలివి," అని కార్జం ముక్క కొరికి, మిగిలింది ఇచ్చాడు. "తిను."

పక్కింట్లో ఉండే చెల్లెలు సుంకమ్మ వాకిట్లోంచి చూస్తోంది.

"నేను రొంత సంగటి పెడ్తే మొగం తిప్పుకుంటాండాది, ఏంది న్నా ఇది?"

"ఎవురి చేతిదీ తినగూడదనే నేర్పిస్తాండా."

"నువ్వు యాడికన్నా పోతే?"

"నేను యాడికి పోతానే!" అని నవ్వాడు శాంతయ్య.

ఆ మధ్యాహ్నమే పోయాడు. అరుగుమీద పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ముష్టి పొడి ఇన్నేళ్లూ ఒంట్లోకి దిగిందని కొందరు, వడదెబ్బని కొందరు అన్నారు. పాడె మోయడానికి నలుగురు దొరికేసరికి పొద్దు వాలింది. అతను చేసిన పనికి ఊరు చేసిన మర్యాద అది.

పిల్ల తినడం మానేసింది. సుంకమ్మ సంగటి కొరికి పెట్టింది, "తిను" అంది, బతిమాలింది, ఏడుస్తూ తిట్టింది. దాని డొక్కలు లోపలికి పోయాయి. దానికి అన్నీ నేర్పిన శాంతయ్య ఇంకో మనిషిని నమ్మడం మాత్రం నేర్పలేదు. ఎలా నేర్పుతాడు, మనుషుల చేతులు ఏం పెడతాయో తెలిసినవాడు?

మూడోనాడు ఆనవాయితీ ప్రకారం పూడ్చిన చోట విస్తరిలో కూడు పెట్టారు. కాకి ముడితే పోయినవాడికి తృప్తి. కాకులు రాళ్ల గుట్టమీదే కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. సుంకమ్మ వెనకే తూలుతూ వచ్చిన పిల్ల విస్తరి ముందు చతికిలబడింది. కూడు ముట్టలేదు. తలెత్తి, మట్టికుప్పకు పైన, ఓ మనిషి మొహం ఉండేంత ఎత్తులో చూస్తూ కూర్చుంది.

వీస్తున్న గాలి ఆగిపోయింది. పిల్ల చెవులు నిక్కబొడుచుకున్నాయి.

సుంకమ్మకు ఏమీ వినబడలేదు. పిల్ల తోక ఒకసారి ఆడించి, తల వంచి తినసాగింది.

"న్నా..." అంది సుంకమ్మ. ఆమెకు భయమేసింది, ఏడుపూ వచ్చింది. "నాతో గూడా తినమని చెప్పు న్నా దానికి."

పిల్ల మూతి నాక్కుని వచ్చి, మొదటిసారి ఆమె చెయ్యి వాసన చూసింది. ఇద్దరూ ఊరి దారి పట్టారు. గాలి మళ్లీ లేచి గుట్టకింది ఎండుటాకులన్నిటినీ ఎగరగొట్టింది. మట్టిమీద ఖాళీ విస్తరి మాత్రం కదలలేదు.