తోడేలును తీసుకున్నందుకు

"చిన్నమ్మది లో ఎఫర్ట్ క్లాస్. బుర్ర అక్కర్లే, ఒక వేలుంటే చాలు. ఆదివారం ఆమెను పక్కన పెడ్దాం."

ఈ మాట కల్యాణ్ మా టీమ్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానన్న సంగతి మరిచిపోయి పెట్టాడు. నేనప్పుడు మొయినాబాద్‌లోని మా కిరాణా దుకాణంలో ఒకాయనకు కందిపప్పు తూస్తున్నాను. మెసేజ్ చదివేసరికి ఒళ్లు మండిపోయి, ఎంత పోశానో తెలియక పప్పంతా మళ్లీ సంచిలోకి వంపి మొదటినుంచి తూచాను.

కల్యాణ్ మా బావగారి కొడుకు. వాళ్లది చేవెళ్ల. ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతూ రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ ఆట నాకు నేర్పింది కూడా వాడే. ఫోన్‌లో ఆడే యుద్ధం. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. మొదట్లోనే ఎవరికి వారు ఒక క్లాస్ ఎంచుకోవాలి. వాడు కత్తివీరుణ్ణి ఎంచుకున్నాడు. దానికి పన్నెండు బటన్లు. రెండు చేతులూ ఫోన్ మీదే ఉండాలి, రెప్ప వేయకూడదు. నేను వేటగత్తెను ఎంచుకున్నాను. ఆమె వెంట ఒక తోడేలు ఉంటుంది. ఒక బటన్ నొక్కితే పోయి కరుస్తుంది, ఇంకొకటి నొక్కితే ఆమె చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తుంది. అంతకుమించి చేసేదేమీ లేదు.

అందుకే టీమ్‌లో మిగతావాళ్లకు అలుసు. గెలిచినన్నాళ్లూ ఆ తోడేలు ముద్దొచ్చింది. చిల్కూరు దారిలో ఒక ఫామ్‌హౌస్‌లో పెద్ద పోటీ అనగానే చిన్నతనం అయిపోయింది. మేము ఆరుగురం, ఆడాల్సింది ఐదుగురు.

ఆ ఐదింటిలో ఒక చోటు నాకు కావాలి. ఆడేవాళ్లకు పేరు రాసిన కార్డు మెడలో వేస్తారట. పెళ్లయిన ఈ పదహారేళ్లలో నేను రాజేశ్వర్ సేటు భార్యను, దుకాణం ఆమెను, చిన్నమ్మను. అరుణాదేవి అని నన్ను ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. ఆ కార్డు నాకు కావాలి, అంతే. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

సాయంత్రం వాడు కాలేజీ నుంచి రాగానే ఫోన్ ముఖం ముందు పెట్టాను. వాడు నాలుక కరుచుకున్నాడు కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"తప్పేమన్న చిన్నమ్మా? ఆడేది నీ తోడేలు. నువ్వు ఊకె కూసుంటవు."

"కూసుంటనా? పొద్దుగాల షట్టర్ లేపినకాంచి ఎన్నిసార్లు లేస్తనో ఎన్నడన్న చూసినవా?"

"అది దుకాణం పని. ఆట వేరే, పని వేరే."

"నాకు వేరే లేదురా! ఒక చేతుల తరాజు, ఒక చేతుల ఫోను. నీ కత్తివీరుడు ఆ తీరుగ ఆడుతడా? రేపు పొద్దున మనిద్దరమే ఆడుదాం. ఓడినోళ్లు ఆదివారం గల్లా మీద ఉండాలె. కానీ ఆట దుకాణంలనే. గిరాకీ వస్తే వంతులేసుకొని లేవాలె. మొదటి గిరాకీ నీది."

వాడు నవ్వాడు. "ఏడింటికి ఎవరొస్తరు? ఓకే చిన్నమ్మా."

ఆ నవ్వు చూసి నాకు ఇంకా మండింది.

పొద్దున ఏడింటికి నేను గల్లా దగ్గర, వాడు బియ్యం సంచుల మీద కూర్చుని మొదలుపెట్టాం. వాడు బాగా ఆడతాడు, కాదనను. రెండు నిమిషాల్లో నా వేటగత్తె ప్రాణం సగానికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే బస్టాండ్ దగ్గర ఆకుకూరలమ్మే జంగమ్మ మెట్టెక్కింది. ఆ పొద్దుకు ఆమెదే బోణీ.

"బిడ్డా, ఉప్పు పాకీటొకటియ్యి."

వాడి వంతు. వాడు తల ఎత్తలేదు.

"లేదు," అన్నాడు.

మా ఇళ్లలో బియ్యం డబ్బా అడుగంటినా నిండుకుంది అంటాం. దుకాణంలో ఆ 'లేదు' అన్న మాట నోటివెంట రానివ్వం. అలాంటిది బోణీ గిరాకీతో, అదీ ఉప్పుకు, ఆమె కళ్లెదుట ఉప్పు పాకెట్ల బస్తా పెట్టుకుని! షావుకారి ఇంట్లో పుట్టినవాడు, తాత ముత్తాతల నుంచి త్రాసు పట్టిన ఇల్లు, ఒక ఆట కోసం అంత మాట అనేశాడు.

"లేదంటవా?" అని జంగమ్మ చిన్నబుచ్చుకుని మెట్టు దిగింది.

నేను కాపలా బటన్ ఒక్కటి నొక్కి ఫోన్ గల్లా మీద పడేసి లేచాను. రోడ్డు మీదికి పోయి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. "తప్పయింది జంగమ్మా, ఏమనుకోకు," అని ఉప్పు ఇచ్చి, ఆమె ఇచ్చిన డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేశాను. ఆమె ఉల్లిగడ్డ కూడా కావాలంది. ఏరి ఏరి తూచాను. కావాలనే తొందరపడలేదు.

వెనక కల్యాణ్ "అరె, అరె, వదులు!" అని అరుస్తున్నాడు. నేను లేచింది చూసి, ఇదే అదను అని ఉన్న బలమంతా ఒక్కసారే వాడేసి వేటగత్తె మీదికి ఉరికాడు. కాపలా తోడేలు వాడి కాలు పట్టింది. నేను తిరిగి వచ్చేసరికి కత్తివీరుడు నేలమీద ఉన్నాడు.

"ఇది లెక్కల్లకు రాదు చిన్నమ్మా! నువ్వు ఫోన్ కింద పెట్టినవు, నువ్వు లేనే లేవు!"

"నేను లేచి పోయినా పని ఆగొద్దనే ఆ తోడేలును తీసుకున్న. లో ఎఫర్ట్ అంటవా? లేవాల్సింది నీ వంతు. నువ్వు లేవలే. ఆ ముసలామెను ఉత్త చేతులతోని ఎల్లగొట్టినవు. ఎఫర్ట్ అంటే ఏందో ఆదివారం చూద్దువు తియ్."



ఆదివారం ఫామ్‌హౌస్‌లో కార్డు మెడలో వేశారు. అరుణాదేవి అని పెద్ద అక్షరాల్లో ఉంది. రెండు ఆటలు గెలిచాం. మూడోదానికి ముందు కొంచెం విరామం దొరికితే ఊరికే ఫోన్‌లో ఆట తెరిచాను. దుకాణంలో గల్లా మీద కూర్చోబెట్టి వచ్చిన కల్యాణ్ ఆన్‌లైన్‌లో ఉన్నాడు. కత్తివీరుడు లేడు. కొత్తగా ఒక వేటగాడు, మొదటి స్థాయి, పక్కన తోడేలు.

నవ్వొస్తుందనుకున్నాను. కోపమే వచ్చింది. ఒక్క పూటలో తెలిసిపోయే సంగతిని రెండేళ్లు నా చేతి అన్నం తింటూ చూడలేకపోయాడు.

"బోణీ ఎవరిది?" అని మెసేజ్ పెట్టాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది.

"జంగమ్మది. అప్పటిసంది కూసున్నదే లేదు చిన్నమ్మా."