ఊడని కుట్టు

పని తెలిసినవాడికి నోరు తక్కువగా ఉంటే యజమానికి లాభం. మా తమ్ముడికి పనీ తెలుసు, నోరూ ఉంది. అందువల్ల వాడితో కొట్టు నడపడంలో వచ్చే లాభమంతా నా తలనొప్పికే సరిపోతుంది.

ముందు గది నాది. గల్లా, గుడ్డల బీరువాలు, వచ్చినవాళ్ళతో బేరాలు. వెనక గదిలో మిషన్లు వాడివి. ఆమధ్య బట్టల ఫ్యాక్టరీ నుంచి వాడికి పిలుపు వచ్చింది. అక్కడ మనిషికి ఒకటే పని. కాలర్లు వేసేవాడు కాలర్లే వేస్తాడు, జేబులు వేసేవాడు జేబులే వేస్తాడు.

"హాయి కదక్కా! బుర్ర ఇంట్లో వదిలేసి వెళ్ళొచ్చు" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం వెంట తెచ్చుకుంటున్నావేంట్రా?" అన్నాను గానీ, నా లెక్క వేరే నడుస్తోంది. వాడు వెళ్ళిపోతే నాది ఉత్త గుడ్డల కొట్టు. గుడ్డలు మా వీధి పొడవునా అమ్ముతున్నారు. కుట్టి ఇచ్చేది మేమొక్కరమే. వాడు ఉండాలంటే ఏడాది పొడవునా సాగే పని ఒకటి నా చేతికి రావాలి.

అలాంటి పని వ్యాయామశాల కోచ్‌గారితో పాటు నడిచి వచ్చింది. జిమ్నాస్టిక్స్ నేర్చుకునే ఆడపిల్లలకు ఒంటికి అతుక్కునే సూట్లు కావాలన్నారు. ముందు జట్టులో పొడుగమ్మాయికి ఒకటి కుట్టి చూపించాలి. నచ్చితే మిగతా పిల్లలకూ, తర్వాత వచ్చే జట్లకూ మేమే కుట్టాలి.

"ఇది దక్కితే ఉంటా. దక్కకపోతే సోమవారం ఫ్యాక్టరీ గేటు ముందు ఉంటా" అని తేల్చేశాడు తమ్ముడు.

ఈ పనికి ముందే మా మధ్య ఒక గొడవ ఉంది. ఒక పెద్దమనిషికి సాగే బట్టతో ప్యాంటు కుట్టి, దానికి సూటి కుట్టు వేశాడు వీడు. దిండు గలీబుకో, సంచికో, కిటికీ తెరకో అయితే సూటి కుట్టును మించింది లేదు. సాగే బట్టకు అది పనికిరాదు. బట్ట సాగుతుంది, దారం సాగదు. అక్కడ జిగ్‌జాగ్ వేయాలి. వంకర టింకరగా నడిచిన దారంలో సాగడానికి కాస్త మిగులు ఉంటుంది. వీడికి ఇదంతా తెలుసు. కుట్టు మార్చడానికి బద్ధకం, అంతే. ఆ పెద్దమనిషి బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. తర్వాత వెనక పేపరు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుంటూ మా కొట్లోకి వచ్చాడు.

అప్పటి నుంచి నేను వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ఊడకూడదు. ఏది కుట్టినా ఊడకూడదు.

కోచ్‌గారు అడిగిన ముదురు ఎరుపు సాగే బట్ట బజారులో లేదు. ప్రత్యేకంగా రంగు వేయించి తెప్పించాను. జట్టుకు ఎంత కావాలో అంతే తెప్పించాను. మిగిలిన గుడ్డ అంటే బీరువాలో నిద్రపోయే పెట్టుబడి.

అనుకున్న రోజుకు కోచ్‌గారు పొడుగమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పిల్ల తెర వెనక సూటు తొడుక్కుని బయటికి వచ్చింది. చూడడానికి బాగానే ఉంది. చేతులు ఎత్తమన్నారు కోచ్‌గారు. చెవుల దాకా ఎత్తి ఆగిపోయింది.

"పూర్తిగా ఎత్తు."

"ఇంతకన్నా లేవట్లేదు మేడమ్. పక్కటెముకల దగ్గర పట్టేస్తోంది."

"ఊపిరి తీసుకుని చూడు."

"తీసుకున్నా మేడమ్. వదలడానికే చోటు లేదు."

నేను కంగారు పడలేదు. తొడిగి చూసేది ఇందుకే. పక్క కుట్ల లోపల బొటనవేలి వెడల్పున బట్ట వదిలి ఉంచమని చెప్పాను, వాడు ఉంచాడు. ఇలా తొడిగి చూసే బట్టకు కచ్చా కుట్టు వేస్తారు. పెద్ద పెద్ద అడుగులతో, వదులుగా వేసే కుట్టు అది. కింది దారం పట్టి లాగితే జారి వచ్చేస్తుంది. దాన్ని విప్పి, లోపలి బట్ట వదిలి, మళ్ళీ కుట్టుకుంటే సరిపోతుంది.

"అయిదు నిమిషాలు కూర్చోండి" అని, సూటు విప్పించి, వెనక గదిలోకి తీసుకెళ్ళి లోపలి వైపు తిప్పాను. నా ఒళ్ళు మండిపోయింది. కింది నుంచి పై దాకా ముప్పేట కుట్టు! మిషను ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు, మళ్ళీ ముందుకు ఒక అడుగు వేస్తూ ఒకే చోట మూడుసార్లు దారం దించే కుట్టు. లాగుడు ఎక్కువగా ఉండే చంకల కింద, కాళ్ళ మధ్య వేస్తాం, అదీ అంతా సరిపోయిందని చూసుకున్నాకే.

"ఒరేయ్, ఇదేంట్రా?"

"ఏదక్కా?"

"తొడిగి చూసే బట్టకు ముప్పేట వేస్తారట్రా ఎవరైనా?"

"నువ్వేగా ఊడకూడదన్నావు."

"కుట్టి ఇచ్చేశాక ఊడకూడదన్నాను!"

"ఇచ్చేశాక అని ఎప్పుడన్నావు? పొద్దున్నే అన్నావు, అన్నం తింటుంటే అన్నావు, ముఖం కడుక్కుంటుంటే తలుపు కొట్టి మరీ అన్నావు. ఏదీ ఊడకూడదన్నావు. చిరాకేసి, పోనీ ఈసారి గునపం పెట్టినా ఊడకుండా వేద్దామని వేశా."

తెర అవతలి నుంచి కోచ్‌గారి గొంతు వినిపించింది. "మీ ఇంటి సంగతులు తర్వాత చూసుకోండి. సరి చేయడం అవుతుందా, అవదా?"

"ఎందుకవదండీ!" అన్నాను. వ్యాపారం చేసే నోరు కదా, మనసుని అడగకుండానే మాట్లాడేస్తుంది.

కుట్టు విప్పే కొక్కెం తీసుకుని కూర్చున్నాను. దారం బట్టలో ఎక్కడ మునిగిందో కనిపించదు. కొక్కెం దూర్చి లాగితే దారంతో పాటు బట్ట కూడా తెగింది. ఆ చిల్లు నిచ్చెన మెట్లలా పైకి పాకింది. తమ్ముడు నా చేతిలోంచి లాక్కుని బ్లేడుతో ప్రయత్నించాడు. ఇంకో చిల్లు పడింది.

"నీ చేతులే అంత" అన్నాను.

"నీ నోటికన్నా నయమే" అన్నాడు.

కోచ్‌గారు తెర తీసి లోపలికి వచ్చి, చిల్లులు చూశారు. "ఇది వదిలేయండి. వేరేది కుట్టండి."

"ఇంకొకటి కత్తిరిస్తే మీ జట్టులో ఒక అమ్మాయికి సూటు ఉండదండీ" అన్నాను.

"కాస్తయినా ఎక్కువ తెప్పించుకోలేదా?"

నేను నోరు తెరిచేలోపే వాడు అందుకున్నాడు. "మా అక్క దగ్గర ఏదీ మిగలదండీ. ఇంట్లో కూరైనా అంతే."

పీక పిసకాలనిపించింది. కానీ అప్పుడు ఆ పీక నాకు చాలా అవసరం. కోచ్‌గారు చేతిసంచి భుజానికి తగిలించుకుంటున్నారు. ఆ సంచి గుమ్మం దాటితే తమ్ముడు ఫ్యాక్టరీ గేటు దాటినట్టే. కత్తెర తీసి వాడి ముందు పెట్టాను.

"కోసెయ్. కుట్టూ చిల్లులూ మొత్తం పోయేలా కోసెయ్."

"కోస్తే ఇంకా బిగుతవుతుంది కదా."

"చంక నుంచి కింది దాకా నల్ల బట్ట పట్టీ వేయి. నల్లది బోలెడుంది."

"అతుకు వేసినట్టుంటుంది."

"ఒక పక్క వేస్తే అతుకు. రెండు పక్కలా వేస్తే ఫ్యాషన్."

పొడుగమ్మాయి తెర పక్కన కిసుక్కున నవ్వింది. కోచ్‌గారు సంచి దించలేదు, అలాగని కదలనూ లేదు. తమ్ముడు చకచకా కోశాడు. పట్టీలు కత్తిరించాడు. మిషను ముందు కూర్చున్నాడు. పెడల్ మీద మాత్రం కాలు పెట్టలేదు.

"కుడతాను. ఏ కుట్టు వేయాలో మాత్రం నువ్వు చెప్పకూడదు."

"సరే, ముందు కుట్టరా."

"ఈ ఒక్కదానికి కాదు, ఎప్పటికీ. బేరాలు నీవి, మిషను నాది. ఈ గదిలో నీ మాట చెల్లదు. ఒప్పుకుంటే ఫ్యాక్టరీకి వెళ్ళను. లేదంటే ఇది కూడా నువ్వే కుట్టుకో."

అవసరంలో ఉన్నవాడిని చూసి ధర పెంచడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇంత దిక్కుమాలిన బేరానికి నేను ఎప్పుడూ తల ఊపలేదు. ఊపి, ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను.

చప్పుడును బట్టి ఏ కుట్టో చెప్పగలను నేను. మొదట మిషను వదులుగా, కుంటుతున్నట్టు మోగింది. అది కచ్చా కుట్టు. ఆ బుద్ధి మొన్నే ఉంటే ఏం పోయేదో! పొడుగమ్మాయి సూటు తొడుక్కుని వచ్చి చేతులు పూర్తిగా ఎత్తింది. వెనక్కి వంగి నేలను అందుకుంది. బీరువాల మధ్య ఉన్న సందులోనే చేతుల మీద నిలబడి, పాదంతో పైఅర మీది గుడ్డల తాను ఒకటి కింద పడేసింది.

"ఇప్పుడు ఊపిరి ఆడుతోందా?" అన్నారు కోచ్‌గారు.

"ఆడుతోంది మేడమ్. పట్టీ కూడా బాగుంది."

కోచ్‌గారు ఆ పిల్లను చుట్టూ తిప్పి చూశారు. అప్పటికి సంచి బల్ల మీద పెట్టారు. "అందరికీ ఇలాగే పట్టీలు వేయండి" అన్నారు. అంటే ప్రతి సూటుకూ రెండు కుట్లు ఎక్కువ. ధర సంగతి ఎత్తబోయి, వాళ్ళ ముఖాలు చూసి ఊరుకున్నాను.

వాళ్ళు కూర్చుని ఉండగానే తమ్ముడు సూటు పూర్తి చేయడం మొదలుపెట్టాడు. పట్టీలకు సన్న జిగ్‌జాగ్, చంకల కింద ముప్పేట. అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు. తర్వాత కాళ్ళ అంచులకు ఎలాస్టిక్ అందుకున్నాడు. ఎలాస్టిక్‌కు మెట్ల జిగ్‌జాగ్ వేయాలి. ఒక్కో వంపులో మూడేసి చిన్న అడుగులు పడతాయి, ఎలాస్టిక్ ఎంత సాగినా అంచు తిరగబడదు. మిషను మెట్ల చప్పుడు చేయలేదు. మామూలు జిగ్‌జాగ్ వేస్తున్నాడు.

లేచి గుమ్మం దాకా వెళ్ళాను. నాలుగు ఉతుకులకు ఆ అంచు మెలి తిరుగుతుందని నాకు తెలుసు. వాడికీ తెలుసు. నేను అంటానా అననా అని చూడడానికే వేస్తున్నాడు, దొంగ వెధవ.

మిషను ఆపి తల ఎత్తాడు. "ఏదో అనబోతున్నావు."

"టీ తాగుతావా అని."

"తాగుతా. చక్కెర కాస్త ఎక్కువేయి."

మళ్ళీ మిషను మీదికి వంగాడు. నేను వెళ్ళి టీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆ పెట్టిన చప్పుడు వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది.