మెర్ల్ పిక్ జారే చోటు

హామిల్టన్ ఊళ్ళో నోరీన్ గరాజ్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం ముగ్గురు కలిసి పాటలు సాధన చేస్తారు. నోరీన్‌వి డ్రమ్ములు, గ్లెన్‌ది గిటార్, మెర్ల్‌ది బేస్ గిటార్. మూడేళ్ళుగా ఒకే పాటలో, రెండో చరణం దాటి స్వరం మారేచోట, తీగలు మీటే పిక్ మెర్ల్ వేళ్ళలోంచి జారి పడుతోంది. పాట ఆగుతుంది. అతను వంగి నేలంతా వెతుకుతాడు.

"చెమట! నన్నేం చెయ్యమంటారు?" అంటాడు.

ఈ మాట విని విని గ్లెన్‌కు విసుగెత్తింది. లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి కాబట్టి, ఒక పిక్‌కు మూడు చిల్లులు పెట్టి, రెండు వైపులా గరుకు కాగితం అంటించి తెచ్చాడు.

"ఇంద. ఇది కూడా జారితే సగం మీసం తీయించుకుంటా."

నిజంగానే అది వేళ్ళ మధ్య వెంట్రుకవాసి కదల్లేదు. రెండు పాటలు సాఫీగా సాగాయి. తర్వాత ఆ పాట వచ్చింది. రెండో చరణం దాటగానే గ్లెన్ స్వరం మార్చాడు. మెర్ల్ మాత్రం పాత స్వరం మీదే దున్నుకుపోయాడు.

పాట ఆగింది. అలవాటు కొద్దీ ముగ్గురూ నేలకేసి చూశారు. అక్కడేమీ లేదు.

"మహానుభావా, అది నీ చేతిలోనే ఉంది కదయ్యా!" అంది నోరీన్.

మెర్ల్ తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత అతను బొటనవేలినీ చూపుడువేలినీ నెమ్మదిగా విడదీశాడు. పిక్ టక్కున సిమెంటు నేల మీద పడింది.

"చూశారా, మళ్ళీ జారింది," అన్నాడు.

గ్లెన్ మీసం తడుముకున్నాడు.