ఒకే కప్పు కింద

కొండ మీది పశువుల కొట్టం చేరేసరికి లెయొంతీనాకు ఆయాసం వచ్చింది. ఒక చేతిలో కాఫీ డబ్బా, చంకలో గుడ్డ చుట్టిన మొక్కజొన్న రొట్టె. మొగుడు లిదువీను అప్పటికే రెండో ఆవు కింద పాలు తీస్తూ కూర్చున్నాడు. పొట్టి మనిషి. మెడ లేనట్టు తల నేరుగా భుజాల్లోకి దిగబడి ఉంటుంది. టొరంటోలో సిమెంటు మోసీ మోసీ అలా అయ్యాడని ఆమె నమ్మకం.

"కాఫీ చల్లారిపోయింది," అన్నాడు, మూతైనా తీయకుండా.

"ఇంట్లో పడుకుని లేస్తే వేడిగా దొరుకుతుంది."

పెళ్ళయిన నాటినుంచీ ఉన్న గొడవే. గడ్డి మొలిచింది మొదలు చలి ముదిరేదాకా అతను ఆవుల దగ్గరే పడుకుంటాడు. వాళ్ళ నాన్నా అంతే, తాతా అంతే. వాళ్ళు పుట్టిపెరిగిన సావొ జోర్జ్ దీవిలో దాన్ని ఎవరూ వింతగా చూడరు. కెనడాలో ఉన్నన్నాళ్ళే ఆ అలవాటుకు సెలవు.

అతను ఆ దేశపు పౌరుడైపోయాడు. ఆమె కాలేదు. ఇంగ్లీషులో పరీక్ష అనేసరికి కడుపు నొప్పి తెచ్చుకుని ఇంట్లో కూర్చుంది. శాశ్వత నివాసపు కార్డు ఒక్కటే మిగిలింది. అత్తగారు మంచాన పడితే ఇద్దరూ దీవికి వచ్చారు. ముసలావిడ పోయాక కూడా ఆవులు కదలనివ్వలేదు. ఈలోగా కార్డు గడువు తీరింది. మళ్ళీ కెనడాలో కాలు పెట్టాలంటే వాళ్ళ అనుమతి కావాలి. పౌరుడైన మొగుడితో కలిసి కాపురం చేసిన కాలమంతా కెనడాలో ఉన్నట్టే లెక్కట. కలిసే ఉన్నారని రుజువు చూపిస్తే చాలు.

ఆమె కోరిక ఒక్కటే, చెల్లెలు జుల్మీరా. ఏళ్ళ తరబడి అక్కాచెల్లెళ్ళిద్దరూ టొరంటోలో ఆఫీసులు కడిగారు. ఆ మందునీళ్ళకు లెయొంతీనా వేలిముద్రలు ఇప్పటికీ సరిగా పడవు. ముసలితనంలో ఒకే వంటింట్లో కూర్చుని తిట్టుకుందామని చెప్పుకున్నారు. జుల్మీరా ఇప్పుడు మెట్లు దిగలేక ఆ వంటింట్లో ఒంటరిగా కూర్చుంది.

రుజువుకని వెతికితే కరెంటు బిల్లు ఇంకా చచ్చిపోయిన మామగారి పేరు మీదే ఉంది. నీళ్ళ బిల్లూ అంతే. ఆ ఊళ్ళో పేర్లు మార్పించుకున్న ఇల్లే లేదు. ఇక మిగిలింది ఊరి పెద్ద ఉర్బానో ఇచ్చే ధ్రువపత్రం. ఇద్దరు సాక్షులు చెబితే రాసిస్తాడు. ఉర్బానోదే పాల కేంద్రం కూడా కాబట్టి, పాలు పోసి అక్కడే అడిగారు. సాక్ష్యానికి పక్కింటి ఎర్మెలిందానూ, ఆమె మొగుణ్ణీ పిలిచారు.

"కలిసే ఉంటున్నారా అంటే ఏం చెప్పను వదినా?" అంది ఎర్మెలిందా నవ్వాపుకోలేక. "అన్న కాపురం ఆ బొనీటా ఆవుతో కదా! అదిప్పుడు చూలుతో కూడా ఉంది."

పాలు పోసేవాళ్ళంతా గొల్లుమన్నారు. ఎర్మెలిందా మొగుడు టోపీ కిందికి లాక్కున్నాడు. లిదువీను చెవులు ఎర్రబడ్డాయి.

ఉర్బానో మాత్రం నవ్వలేదు. "ముద్ర వేసేది నేను, అన్నా. 'ఒకే కప్పు కింద' అని రాయాలి. అబద్ధం రాయలేను. నువ్వీ రాత్రి ఇంట్లో పడుకో. పొద్దున్నే నేనే వచ్చి, చూసి రాస్తాను."

"బొనీటా ఇవాళో రేపో ఈనేలా ఉంది."

"అయితే బొనీటానే కెనడా తీసుకుపో," అన్నాడు ఉర్బానో.

లెయొంతీనా వెనక్కి తిరిగింది. ఖాళీ క్యాన్లు తీసుకుని ఇంటిదారి పట్టింది. బతిమాలితే మొండికేస్తాడని ఆమెకు తెలుసు. పగలంతా బట్టలుతికింది, దుంపలు తవ్వింది, కొండవైపు చూడకుండా ఉండడానికి పని కల్పించుకుంది.

పొద్దు వాలాక తలుపు చప్పుడైంది. లిదువీను లోపలికొచ్చి, స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు, చుట్టం చూపుగా వచ్చినవాడిలా. రెండు గిన్నెల సూపు తాగాడు.

"అక్కడ చలెక్కువ," అన్నాడు.

"నీకు బొంత కుడతాలే."

"జుల్మీరా నా మీద ఇంకా అరుస్తుందా?"

"నువ్వొస్తే అరవకుండా ఉంటుందా?"

మంచం మీద అతను అంచుకు ఒదిగి పడుకున్నాడు. పరుపు మెత్తగా ఉందని సణిగాడు. చాలాసేపటికి అడిగాడు:

"ఏమే, ఈ రాత్రి కెనడా లెక్కలో పడినట్టేనా?"

"పడింది. పడుకో."

తెల్లారి ఆమె కాఫీ వేడిగా తెచ్చింది. భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. కాఫీ కింద పెట్టి, చల్లబడిన అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. పైన కొండ మీద ఆవులు పాలు తీయమని అరుస్తున్నాయి.

ఉర్బానో ముద్ర పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగి టోపీ తీశాడు. తర్వాత వంటింటి బల్ల మీద కాగితం పరిచి, నెమ్మదిగా, ఒక్కో మాటా పైకి చదువుతూ రాశాడు: "ఈ ఉదయం దాకా ఒకే కప్పు కింద. నేను కళ్ళారా చూశాను." ఎర్మెలిందా ఏడుస్తూ సంతకం పెట్టింది. ఆమె మొగుడూ పెట్టి, ఆవుల పాలు తీయడానికి కొండెక్కాడు.

బొనీటా ఆ మర్నాడు ఈనింది. చలి ముదిరేలోపు అనుమతి వచ్చింది. ఆవుల్ని ఎర్మెలిందా వాళ్ళకు అప్పగించి, తాళంచెవి తలుపుకే వదిలేసి, లెయొంతీనా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

పడకగది కిటికీ గట్టు మీద, నీళ్ళు సగం ఇంకిపోయిన గాజు గ్లాసులో, ఆ రాత్రి అతను తీసి పెట్టుకున్న పళ్ళసెట్టు ఉంది.