ఎత్తులో ఆగిన బండి

కొండ మీది చర్చికి ముసలివాళ్లను చేరవేసే బ్యాటరీ బండిని హెప్సిబా నడుపుతుంది. ఆ ఆదివారం బండి సగం ఎత్తు ఎక్కి ఆగిపోయింది. పాపం, నలుగురు అవ్వలు దిగి నడిచారు.

బండికి ఆరు కొత్త బ్యాటరీలు వేసి ఏడాదైనా కాలేదు. మెకానిక్ రామకోటేశ్వరరావు పోయిన నెల సర్వీసుకని బండిని రెండు రోజులు షెడ్డులో ఉంచుకున్నాడు. అప్పుడే మంచివి తీసేసి పాతవి పెట్టాడని ఆమె అనుమానం. సంఘపెద్ద ఇశ్రాయేలుగారితో ఆ మాట అనేసింది కూడా.

మర్నాడు మెకానిక్ వచ్చి మీటరు పెడుతుంటే, ఆమె అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు.

“ఆరూ బాగానే ఉన్నాయండి.”

“మరి ఎత్తెందుకు ఎక్కదండీ? అసలివి మావేనా?”

అతని మొహం చిన్నబోయింది. “బిల్లు తెచ్చి నంబర్లు చూసుకోండమ్మా.”

బ్యాటరీల మీది నంబర్లన్నీ బిల్లుతో కలిశాయి. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

“బరువు పడితేగాని లోపం తెలీదండి. మీరు బండిని ఎత్తు ఎక్కించండి, నేను మీటరు చూస్తా,” అన్నాడతను.

ఒక్కో బ్యాటరీకి మీటరు పెట్టి ఒక్కోసారి ఎక్కించారు. ఆరోసారి, మూలనున్న బ్యాటరీ ఎనిమిది వోల్టుల నుంచి అయిదుకు జారిపోయింది. అతను మూత విప్పాడు. లోపల నీళ్లు అడుగంటాయి.

“దీంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్లయిందండి?”

ఆ మూల ఇనప పట్టీ అడ్డమని, చెయ్యి దూరదని, హెప్సిబా ప్రతి వారం మిగతా అయిదు బ్యాటరీలకే పోసి ఊరుకుంది.

“తప్పు నాదేనండి. మిమ్మల్ని దొంగని చేశాను,” అంది.

ఆ సాయంత్రమే ఇశ్రాయేలుగారింటికి వెళ్లి, అన్న మాట వెనక్కి తీసుకుంది.