ఎడమవైపు ఆటు

రోజూ నేరేడ్‌మెట్‌లో ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టకముందే కనకలక్ష్మికి భీమిలి నుంచి ఫోనొచ్చేది. తమ్ముడు చిన్నబ్బాయి పడవ పక్కన నిలబడి అడిగేవాడు.

"అప్పా, లోపల సముద్రం ఎలాగుంది?"

కనకలక్ష్మి టీ గ్లాసు కింద పెట్టి కళ్లు మూసుకునేది. రొమ్ముల్లో నీళ్లు మెల్లగా ఊగుతుంటే "బాగుందిరా, ఎల్లు" అనేది. ఎగిసిపడుతుంటే "ఇయాళ వద్దు" అనేది.

పదేళ్ల కిందట, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేవడం మొదలైన రోజుల్లో, కొత్త ఉద్యోగం జీతంతో తనకిష్టమై రొమ్ములు పెద్దవి చేసే ఆపరేషన్ చేయించుకుంది. డాక్టర్లు పెట్టినవి ఉప్పునీళ్లు నింపిన సంచులు. అవి భీమిలి సముద్రంతోపాటే కదలసాగాయి. అదేమిటని ఎవరూ అడగలేదు. ఇంటి ఓనరు బుచ్చమ్మయితే ఆదివారం మధ్యాహ్నాలు ఆమె భుజానికి తలానించి, అలల చప్పుడు వింటూ కునుకు తీసేది.

ఆరోజు పొద్దున జాకెట్టు హుక్కులు పెట్టుకుంటుంటే ఎడమవైపు గుడ్డ వదులుగా ముడతపడింది. తడిమి చూసుకుంది. కెరటం లేదు. నీళ్లే లేవు. అంతలో ఫోన్ మోగింది.

"ఒరే, ఎల్లకు!" అని అరిచింది.

"ఏటైందప్పా?"

"ఎడమేపు సముద్రం ఎనక్కెలిపోయిందిరా! కుడేపు బాగానే ఉంది. నాకేటీ తెలీడం లేదు. నువ్వు మాత్రం దిగకు."

"ఇక్కడ నీరు అద్దంనాగుంది. వంజరాలు పడతన్నాయని ఊరంతా ఎలిపోతంది."

"దిగకన్నానా!"

చిన్నబ్బాయి గొణుక్కుంటూ వల భుజానేసుకుని, ఎనిమిదో నెల మోస్తున్న భార్య తిరుమల ఉన్న ఇంటిదారి పట్టాడు.

అరుపు విని బుచ్చమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఏందీ పిల్లా, గట్ల తెల్లబోయినవ్? తక్లీఫ్ గిట్ల ఉన్నదా?"

"నొప్పేం లేదండీ. ఎడమవైపు ఖాళీ అయిపోయింది."

బుచ్చమ్మ చెవి ఆనించి చూసింది. "చప్పుడు సుత లేదు. నడువ్, దవాఖానకు పోదాం."

ఏ.ఎస్. రావు నగర్ క్లినిక్‌లో డాక్టర్ కల్పలత స్కాన్ తీయించి చూసింది.

"సంచికి చిల్లు పడింది. నీళ్లు ఒంట్లో కలిసిపోయాయి. సెలైనే కదా, భయం లేదు. ఇవి జీవితాంతం ఉండేవి కావండీ. ఇన్నేళ్లకి ఇలా అవడం మామూలే."

"అయితే సముద్రానికేం కాలేదా?"

"సముద్రం బాగానే ఉంది," అంది డాక్టర్.

కనకలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. తన సంచి కారిందని తమ్ముడి వేట మాన్పించింది! క్షమించమందామని ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మాట వినకుండా పడవెక్కేశాడా? బుచ్చమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఎప్పటికో ఫోన్ మోగింది. అవతల ఏడుపో నవ్వో తెలీని గొంతు.

"అప్పా! పుట్టిందప్పా! ఆడపిల్ల!"

"ఇంకా నెల టైముంది కదరా!"

"నానింటికెల్లేసరికి తిరుమల గడపలో పడిపోయుంది. ఒకటే రక్తం. మగోలందరూ ఏటకెలిపోనారు. ఎత్తుకుని ఆటోలో ఏసుకుని వైజాగ్ తెచ్చేసినాను. ఇంకాసేపైతే ఇద్దరూ దక్కేవోరు కారంట!" పక్కనుంచి సన్నటి ఏడుపు వినిపించింది. "ఇనబడతందా? మరి సముద్రానికేటైందప్పా?"

"ఏటీ కాలేదురా. నా సంచికి చిల్లు పడింది."

చిన్నబ్బాయి పకపకా నవ్వాడు. కనకలక్ష్మికీ ఆగలేదు. విషయం చెప్పగానే బుచ్చమ్మ క్లినిక్‌లో కనిపించినవాళ్లందరికీ ఆడపిల్ల పుట్టిందని చాటింపేసింది.

డాక్టర్ బయటికొచ్చింది. "కొత్తవి పెట్టించుకుంటారా, రెండూ తీసేయమంటారా? మరీ ఆలస్యం చేయొద్దు."

"వచ్చేవారం వచ్చి చెబుతా డాక్టర్. సాయంత్రం వైజాగ్ బండి అందుకోవాలి."

"నేను సుత వస్త," అంది బుచ్చమ్మ. "బాలింతకు శొంఠి ఎవరు దంచి పెడ్తరు?"

ఇద్దరూ ఆటోలో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి మోండా మార్కెట్‌కి వెళ్లారు. శొంఠి, వాము, పసిపిల్లకి పాత చీరంత మెత్తటి తెల్లగుడ్డ కొన్నారు. సంచులు రెండు చేతులా పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, దారిన పోయేవాళ్లని చూసి కూడా నవ్వుతూ కనకలక్ష్మి స్టేషన్ వైపు దాదాపు పరుగెత్తింది. ఎడమవైపు పైట జారి పక్కకి పోయినా సర్దుకోవాలని ఆమెకి తోచనేలేదు.