పదిహేడంగుళాల పరీక్ష

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే చిన్నల్లుడికి తన కారంటే ప్రాణం. ఏమాత్రం తీరిక దొరికినా మెత్తటి గుడ్డ తీసుకుని, అద్దాలు తుడిచినంత జాగ్రత్తగా దాన్ని తుడుచుకునేవాడు. అలాంటివాడికి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కారు వంక చూడబుద్ధి కాలేదు. దానికి కారణం తోడల్లుడు.

తోడల్లుడంటే మామగారి పెద్దల్లుడు. పరదాల వ్యాపారం. తన కారుకి ఈమధ్యనే ఇంతింత చక్రాలు వేయించాడు. గుమ్మం ముందు రెండు కార్లూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి. ఆయన పళ్ళపుల్ల నోట్లో తిప్పుకుంటూ చాలాసేపు చూసి, తీరిగ్గా అన్నాడు.

"తమ్ముడూ, నీ కారు బావుంటుందోయ్. కానీ ఆ చక్రాలేంటి, సూట్‌కేసు చక్రాల్లా!"

అందరూ నవ్వారు. చిన్నల్లుడూ నవ్వాడు. నవ్వాడు గానీ, ఆ మాట తిన్నగా వెళ్ళి గుండెలో కూర్చుంది. మర్నాటి నుంచీ కారు ఏ కొట్టు అద్దంలో కనబడినా వాడికి కారు కనబడేది కాదు. బొజ్జనిండా తిని సన్నకాళ్ళ మీద నిలబడ్డ మనిషి కనబడేవాడు.

"చక్రాలు మార్పిస్తా," అన్నాడు భార్యతో.

ఆవిడ రోజంతా నడుంనొప్పుల వాళ్ళకి వ్యాయామం చేయించే ఉద్యోగంలో ఉంది. "ఇప్పుడున్నవాటికి ఏమొచ్చింది?"

"పీలగా ఉన్నాయి."

"తిరుగుతున్నాయి కదండీ?"

తిరగడం వేరు, కనబడడం వేరు అని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండానే టైర్ల షాపుకి బయల్దేరాడు. ఆవిడ చెప్పులేసుకుని వెంటపడింది.

షాపతను లోపల కూడా నల్లకళ్ళద్దాలు తియ్యని మనిషి. గోడకి వేలాడుతున్న వెండిరంగు రిమ్ములని ఒక్కొక్కటే నిమురుతూ పరిచయం చేశాడు. "మీవి పదిహేనంగుళాలు సార్. ఇవి పదిహేడు. మొత్తం చక్రం ఎత్తు మారకూడదు కాబట్టి, రిమ్ము పెరిగిన మేరకి చుట్టూ ఉండే రబ్బరు తగ్గుతుంది. టైరు సన్నగా, పట్టీలా, స్టైలుగా ఉంటుంది."

"ఆ రబ్బరూ, దాన్లో గాలేగా కుదుపు మింగేది?" అంది భార్య.

"కుదుపు అనకండి మేడమ్. ఫీల్ అనండి. రోడ్డు ఫీల్ తెలుస్తుంది."

"రోడ్డుకి ఎలా ఉందో మనకెందుకండీ తెలియడం?"

అప్పటికే చిన్నల్లుడు ఒక రిమ్ము మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ చెయ్యి ఇక రాలేదు. తీసేసిన పాత చక్రాల్ని ఆవిడ వదల్లేదు. "ఉండనీండి, ఇంటికి పంపించండి," అని, మెట్లకింద చోటు చూసి పెట్టించింది.

కొత్త చక్రాల మీద కారు నిజంగానే బావుంది. షాపు ముందున్న రోడ్డు కొత్తగా వేసింది కావడంతో గాజు మీద జారినట్టు జారింది. చిన్నల్లుడు భార్య వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు. అంతలో తమ వీధి మలుపు వచ్చింది.

ఆ వీధిలో ఇన్నాళ్ళూ ఇన్ని గతుకులున్నాయని వాడికి తెలియదు. రోడ్డు మీద అగ్గిపుల్ల పడుంటే, దాని తల ఎటువైపుందో కూడా తెలిసేలా ఉంది. ముందున్న సొరుగు దానంతటదే తెరుచుకుని కాగితాలన్నీ ఆవిడ ఒళ్ళో పోసింది. వాడి కళ్ళజోడు ముక్కు చివరికి వచ్చి వేలాడింది. కళ్ళజోళ్ళ వ్యాపారికి అది పెద్ద అవమానం.

"నే-నే-నేను చె-చెప్పా-నా!" అంది భార్య.

"ఫీ-ఫీల్," అన్నాడు వాడు.

అసలు సంగతి ఆదివారం బయటపడింది.

మామగారు వీళ్ళతోనే ఉంటారు. డ్రైవింగు లైసెన్సు ఇచ్చే ఆఫీసులో పరీక్షాధికారిగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పరాయివాళ్ళ పక్కన కూర్చుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగిన మనిషి. అటువంటాయన చిన్నల్లుడి కారెక్కి బెల్టు టక్కుమనిపించగానే నిద్రపోయేవారు. గేటు దాటేలోపు గురక. పెద్ద కూతురి ఇల్లు వచ్చాక లేపితే, "అప్పుడే వచ్చేశామా!" అనేవారు. చిన్నల్లుడు దీన్ని తన జీవితంలో అందుకున్న అతి పెద్ద బిరుదుగా భావించేవాడు. 'ఎందరి డ్రైవింగో చూసి హడలిపోయిన మనిషి, నా పక్కన పసిపిల్లాడిలా పడుకుంటున్నారంటే...' అని తోడల్లుడి ముందు రెండు మూడుసార్లు అన్నాడు కూడా.

ఆ ఆదివారమూ ఆయన ముందుసీట్లో కూర్చున్నారు. బెల్టు టక్కుమంది. కళ్ళు మూతపడ్డాయి. గేటు దగ్గరి చిన్న మెట్టు దిగగానే తెరుచుకున్నాయి.

"ఏమైంది?"

"ఏంలేదు మామయ్యా, పడుకోండి."

మూశారు. వీధి మధ్యలో మురుగుకాలవ మూత. తెరిచారు. మూశారు. స్పీడు బ్రేకరు. ఈసారి తెరిచిన కళ్ళు మళ్ళీ మూయలేదు. ఆయన నిటారుగా కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. ఆ పెట్టుకోవడంలో ఏదో పాత ఉద్యోగ లక్షణం కనబడి, చిన్నల్లుడూ నిటారుగా సర్దుకున్నాడు.

"అద్దం," అన్నారాయన.

"ఏమిటి మామయ్యా?"

"మలుపు తిరిగే ముందు అద్దం చూడలేదు." కాసేపాగి, "ఇండికేటరు ఆలస్యం." ఇంకాసేపాగి, "ఆ చెయ్యెందుకు గేరు మీద నిద్రపోతోంది?"

"నాన్నా, ఇంటిమనిషి నాన్నా," అంది కూతురు, అంటే చిన్నల్లుడి భార్య, వెనక సీట్లోంచి.

"పరీక్షలో ఇంటిమనిషీ బయటిమనిషీ ఉండరమ్మా."

పెద్ద కూతురి ఇంటి ముందు కారాగింది. ఆయన బెల్టు విప్పి, ఎదుటి అద్దంలోకి చూస్తూ, బొత్తిగా కొత్త గొంతుతో అన్నారు. "ఫెయిల్. అభ్యర్థి దిగవచ్చు. మళ్ళీ వారం ప్రయత్నించవచ్చు." తరవాత ఎప్పటి గొంతుతో, "పదండి అల్లుడుగారూ, ఆకలేస్తోంది," అని లోపలికి వెళ్ళిపోయారు.

చిన్నల్లుడు కారు పక్కనే నిలబడిపోయాడు. తోడల్లుడు వచ్చి కొత్త చక్రాలు చూశాడు. మెచ్చుకోలేదు. భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"మామగారు మెలకువగా వచ్చారా?"

"నీకెలా తెలుసన్నయ్యా?"

"మరి నా కారెందుకు ఎక్కరనుకున్నావు? నేనే ఎక్కించుకోను. కొత్త చక్రాలు వేయించిన రోజు ఒకసారి ఎక్కించుకున్నా. పెట్రోలు బంకు రాకముందే ఫెయిల్ చేసేశారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు వేయించుకునేవాడివా?" అన్నాడు తోడల్లుడు, ఒంటరితనం తీరినవాడి సంతోషంతో.

ఆ తరవాత చిన్నల్లుడు మామగారిని నిద్రపుచ్చడానికి చెయ్యని ప్రయత్నం లేదు. ముందుసీటు మీద దూదిదిండు వేశాడు. దానివల్ల ఆయన ఇంకా ఎత్తుకెళ్ళి, ఇంకా బాగా చూశారు. టైర్లలో గాలి తగ్గించాడు. కారు గునగునా నడిచింది. అటుగా పోతున్న షాపతను చూసి, "సన్న టైర్లకి గాలి తగ్గిస్తే రిమ్ము పోతుంది సార్!" అని రోడ్డు మీదే అరిచాడు. జోలపాటల్లాంటి పాటలు పెట్టాడు. "పాట వల్ల అభ్యర్థి శ్రద్ధ చెదురుతోంది," అన్నారు మామగారు. చివరికి గతుకు తగలకుండా నత్తలా నడిపితే, పసిబిడ్డ బండి తోసుకుంటూ పోతున్న ఒక ముసలావిడ వాళ్ళని దాటుకుని ముందుకెళ్ళిపోయింది. దాటాక వెనక్కి తిరిగి జాలిగా చూసింది కూడా.

"రాకపోకలకి ఆటంకం. ఫెయిల్."

ఈ పరీక్షలు చిన్నల్లుడి దుకాణందాకా పాకాయి. కౌంటరు వెనక ఇటునుంచి అటు వెళ్ళాలంటే ముందు అద్దంలో చూసుకునేవాడు. ఒకసారి అరలోంచి ఫ్రేము తియ్యబోతూ చెయ్యి పక్కకి చాపి సైగ చేశాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి అదేదో కంటిపరీక్ష అనుకుని, "కనబడుతోందండీ, ఐదు వేళ్ళు," అన్నాడు.

ఇంకో ఆదివారం వచ్చింది. ఆరోజు చిన్నల్లుడు అద్దాలన్నీ చూశాడు, ఇండికేటర్లన్నీ వేశాడు, రెండు చేతులూ స్టీరింగుకి అతికించినట్టు ఉంచాడు. తప్పు దొరకదు అనుకున్నాడు. సగం దూరం వెళ్ళాక మామగారు తల పంకించి, "ఫెయిల్," అన్నారు.

"ఇప్పుడెందుకు?"

"ముఖంలో అతివిశ్వాసం."

చిన్నల్లుడు కారు పక్కకి తీసి ఆపాడు. అది సామాన్ల గోడౌన్ల వీధి. సెలవు కావడంతో తలుపులన్నీ మూసి, రోడ్డంతా ఖాళీగా ఉంది. వాడు తాళంచెవి తీసి మామగారి ముందు పెట్టాడు.

"మామయ్యా, ఒక్కసారి మీరు నడిపి చూపించండి. చూసి నేర్చుకుంటా."

కూతురు ముందుకి వంగింది. "అవున్నాన్నా. అసలు నువ్వు నడపడం నేనెప్పుడూ చూళ్ళేదే?"

"పరీక్ష పెట్టేవాడు నడపనక్కర్లేదమ్మా."

"వచ్చా రాదా?"

ఆ మాటకి మామగారి మీసం కదిలింది. ఆయన దిగి, కారు చుట్టూ తిరిగి, అవతలి సీట్లో కూర్చున్నారు. చిన్నల్లుడు ఆయన సీట్లోకి మారాడు. ఆయన సీటు ముందుకి జరిపారు, వెనక్కి జరిపారు, మళ్ళీ ముందుకి జరిపారు. అద్దాలు మూడూ సర్దారు. బెల్టు లాగి చూసుకున్నారు. కుడిభుజం మీంచి చూశారు, ఎడమభుజం మీంచి చూశారు. ఇంత శాస్త్రోక్తంగా ఎవరూ కారు స్టార్టు చేసి ఉండరు. స్టార్టయింది. వెంటనే ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశారు. కదిలింది.

బావుంది. గోడౌన్ల తలుపులు మెల్లగా వెనక్కి వెళుతున్నాయి. మామగారి నుదుటి మీద చెమట. చిన్నల్లుడి పెదవుల మీదికి ఒక మాట వచ్చింది. ఆపుకున్నాడు. ఆగలేదు.

"అద్దం," అన్నాడు చిన్నగా.

మామగారు ఉలిక్కిపడి అద్దంలోకి చూశారు. చూస్తూ చూస్తూనే ఎడమకి తిప్పారు. ముందుచక్రం పేవ్‌మెంటు అంచు మీదికి ఠంగుమని ఎక్కి, ధబ్బుమని దిగింది. ఆపైన 'ఇస్స్...' మంటూ సన్నటి శబ్దం మొదలై, కారు ఒక మూలకి ఒరిగింది.

మామగారు ఇంజను ఆపారు. హ్యాండుబ్రేకు వేశారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఫెయిల్," అన్నారు.

టైరు ఇంకా 'ఇస్స్' మంటూనే ఉంది.

"చక్రం మీద అదుపు లేదు," అన్నారాయన మళ్ళీ, అవతలెవరో ఉన్నట్టు. "అభ్యర్థికి బొత్తిగా అభ్యాసం లేదు. ఎప్పుడో నేర్చుకుని వదిలేశాడు. తరవాత భయపడ్డాడు."

ఈ మాటలో సగమైనా ఆయన నోట వినాలని చిన్నల్లుడు వారాలుగా ఎదురుచూశాడు. తీరా విన్నాక ఏమీ తోచలేదు. "ఆ అంచే కాస్త ముందుకొచ్చింది మామయ్యా," అన్నాడు. "సన్న టైరు కదా, మెత్తదనం లేదు. పాతదైతే ఏమీ అయ్యేది కాదు."

"అంచు ఎక్కడుందో అక్కడే ఉంది," అన్నారు మామగారు. అయినా ఆ మాటకి కొంచెం తేరుకున్నట్టే కనబడ్డారు.

దిగి చూస్తే టైరు చిరిగి, రిమ్ము కొరికిన చపాతీలా వంకరపోయింది. డిక్కీలో ఉన్న అదనపు చక్రాన్ని మాత్రం అప్పుడు షాపులో మార్చలేదు. అది పాత పదిహేనంగుళాలదే. చిన్నల్లుడు జాకీ తిప్పుతుంటే కూతురు నట్లు విప్పింది. ఆవిడవి మెడలూ నడుములూ వదులు చేసిన చేతులు కాబట్టి నట్లు తేలిగ్గానే వచ్చాయి. మామగారు రెండువైపులా ఖాళీగా ఉన్న వీధిలో నిలబడి, రాని వాహనాలకి చెయ్యి అడ్డంపెట్టి ఆపారు.

మూడు పెద్ద చక్రాలతో, ఒక పీల చక్రంతో కారు నెమ్మదిగా బయల్దేరింది. చిన్నల్లుడు నడుపుతున్నాడు. మామగారు ఎప్పటి సీట్లో. పీల చక్రం సరిగ్గా ఆయన కిందే ఉంది. గతుకు వచ్చింది. చిన్నల్లుడి పళ్ళు టకటకమన్నాయి. మామగారు మాత్రం కదల్లేదు. వీధి చివరికి వచ్చేసరికి గురక వినబడింది.

భార్యాభర్తలు వెనక చూసే అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎంత బావుందో," అంది ఆవిడ గుసగుసగా.

"మీ నాన్నగారి గురకా?"

"మాట్లాడకండి, లేస్తారు."

మర్నాడు చిన్నల్లుడు మెట్లకింద చక్రాలు కార్లో వేసుకుని టైర్ల షాపుకి వెళ్ళాడు. వంకరరిమ్ము చూసి షాపతను నల్లకళ్ళద్దాలు తీశాడు. అతనివి చాలా జాలిగల కళ్ళు. "పోనీ పద్దెనిమిది వేద్దామా సార్?" అన్నాడు.

"పాతవే వెయ్యి. నాలుగూ."

"మరి ఫీల్?"

"ఫీలైంది చాలు."

తోడల్లుడు సూట్‌కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా, ఎవరూ వినకుండా ఫోన్ చేసి, ఆ టైర్ల షాపు ఎక్కడో అడిగాడు.

మామగారు ఆదివారాలు ఎప్పటిలాగే నిద్రపోతూ వెళుతున్నారు. కానీ సాయంత్రాలు కూతురు ఉద్యోగం నుంచి రాగానే తాళంచెవి పట్టుకుని గుమ్మంలో తయారుగా ఉంటున్నారు. ఆవిడ నడుంనొప్పి వాళ్ళతో మాట్లాడే గొంతుతోనే, "మెల్లగా నాన్నా, బిగించకు, భుజాలు వదులు చెయ్యి," అని నేర్పిస్తోంది. మొదట గోడౌన్ల వీధి, తరవాత పార్కు చుట్టూ, ఈమధ్యే బజారు రోడ్డు ఎక్కారు.

నిన్న చిన్నల్లుడు దుకాణంలో ఒకామెకి అద్దాలు సరిచేస్తుండగా బయట ఒకటే హారన్లు. చూస్తే తన కారు. వెనక బస్సు, బస్సు వెనక లారీ, ఆ వెనక ఎన్నున్నాయో. స్టీరింగు మీద మామగారు, గడ్డం పైకెత్తి, ముందుకే చూస్తున్నారు. పక్కనుంచి భార్య చెయ్యి ఊపింది. చిన్నల్లుడూ ఊపాడు. మామగారు ఊపలేదు.

"ఎవరండీ ఆయన, అంత మెల్లగా?" అంది ఆమె, కొత్త అద్దాల్లోంచి చూస్తూ.

"మా మామగారండీ," అన్నాడు చిన్నల్లుడు. "ఇంకో వారంలో పరీక్షకి వెళ్తున్నారు."